పటం దించాక

హైదరాబాద్ ఉత్తర శివార్లలో, కుత్బుల్లాపూర్, జీడిమెట్ల, కొంపల్లి వైపు పాత వీధుల్లో ఎక్కడైనా రావిచెట్టో వేపచెట్టో ఉంటే దాని మొదట్లో ఒకసారి చూడండి. పగిలిన అద్దాల పటాలు ఆనించి ఉంటాయి. వెంకటేశ్వరస్వామి, సత్యనారాయణస్వామి, షిర్డీ సాయిబాబా, గజలక్ష్మి, ఎవరో ఒకరు ఉంటారు. కొన్నింటికి ఎండిపోయిన దండ ఇంకా వేలాడుతూనే ఉంటుంది. అద్దం మీద కుంకుమ బొట్టు చెరిగి ఉండదు. చెత్తబండిలో వేయడానికి చేతులు రాక, ఇంట్లో పెట్టుకోవడానికి చోటు లేక, ఎవరో పొద్దుగూకాక తెచ్చి పెట్టి, దండం పెట్టుకుని వెళ్లిపోతారు. వాన పడితే లోపలి కాగితం ఉబ్బి రంగులు కారతాయి. ఎండకు చెక్క మూలలు విచ్చుకుంటాయి. కొన్నాళ్లకు పిల్లల కాళ్లకు గుచ్చుకునే గాజుపెంకులు మిగులుతాయి. దేవుణ్ని గౌరవంగానే సాగనంపామని మనసుకు చెప్పుకుంటాం గానీ, ఆ చెట్టు కింద జరిగేది గౌరవం కాదని అందరికీ తెలుసు.

ఆ వైపే, సుచిత్ర చౌరస్తా దాటి కొంపల్లి మీదుగా మేడ్చల్ దాకా, కొత్త ఇళ్లకు కావలసిన సామాను అమ్మే దుకాణాలు కనిపిస్తాయి. టైల్సు, ప్లైవుడ్డు, కర్టెన్లు, దీపాలు, గోడకు తగిలించే అలంకరణలు. పల్లెటూరి ఇంటి కళ ఉన్న వస్తువంటే ఇప్పుడు నగరవాసులకు మక్కువ. అక్కడక్కడా రంగు గీరేసిన అద్దం చట్రం, మొద్దుచెక్క అర, పాత కిటికీలా కనిపించే బోర్డు ఇష్టంగా కొనుక్కుంటున్నారు. వీటిలో చాలావరకు కొత్తవే. మిషను మీద కోసి, పాతబడినట్టు రంగు వేసినవి. ఆ మక్కువను తప్పు పట్టాలని ఈ మాటలు రాయడం లేదు. ఒకప్పుడు ద్రాక్షతోటలు, కోళ్లఫారాలు, చెరువులు పరుచుకున్న నేల ఇది. కొంపల్లి, దూలపల్లి, గుండ్లపోచంపల్లి, బహదూర్‌పల్లి అచ్చంగా ఊళ్లే. ఊరు నగరంలో కలిసిపోయినచోట ఊరి గుర్తు ఒకటి గోడ మీద ఉండాలనిపించడంలో వింతేమీ లేదు. అయితే ఆ గుర్తు మన ఇంటి సజ్జ మీదే, పాత చీరల మూట వెనక దుమ్ము కొట్టుకుని ఉంది. దాన్ని చెట్టు కింద వదిలేసి, అలాంటిదే ఇంకొకటి డబ్బు పెట్టి తెచ్చుకుంటున్నాం.

అసలు ఈ పటాలు మన గోడలెక్కి ఎంతకాలమైందని? అంత పాత సంగతేం కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో లితోగ్రాఫిక్ ప్రెస్సు పెట్టాడు. కొన్నేళ్లకే అది లోనావలా దగ్గరి మాలవ్లికి మారింది. 1901లో దాన్ని తన దగ్గర పనిచేసిన జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైషర్‌కు అమ్మేశాడు. 1972లో అగ్నిప్రమాదంలో ఆ ముద్రణాలయం కాలిపోయింది. ఈలోగా అక్కడ అచ్చయిన లక్ష్మి, సరస్వతి, శకుంతల దేశమంతా తిరిగారు. గుడి గడప తొక్కనివ్వని వాళ్ల ఇళ్లలోకి సైతం దేవతలు కాగితం మీద నడిచి వచ్చారు. కొందరు గృహిణులు ఆ బొమ్మల చీరలకు జరీ, తళుకులు, చిన్న పూసలు అతికి, ఆ తరవాతే పటం కట్టించేవారు. కోవిల్‌పట్టి కొండయ్యరాజు గీసిన దేవతలు శివకాశి క్యాలెండర్ల మీద వచ్చారు. ఏడాది అయిపోయాక తేదీల భాగం కత్తిరించేసి బొమ్మను కట్టించుకోవడం తెలుగు ఇళ్లలో మామూలే. వడ్డాది పాపయ్య ‘చందమామ’, ‘యువ’ ముఖచిత్రాలకు కూడా అదే మర్యాద దక్కింది.

ఫొటోల కథ ఇంకోటి. రాజా దీనదయాళ్ 1880ల్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. అప్పట్లో పటంలో కూర్చోవడం నవాబులకు, జాగీర్దార్లకు దక్కిన భోగం. తరవాత మూడు తరాల్లో ప్రతి పట్నంలో ఒక స్టూడియో, దాని పక్కనే పటాలు కట్టే దుకాణం వెలిశాయి. సుచిత్ర, చింతల్, బాలానగర్ చుట్టుపక్కల పాత ఇళ్లలో ఈ నేలకు ప్రత్యేకమైన పటం ఒకటి ఉంటుంది. ఐడీపీఎల్‌లోనో హెచ్‌ఎంటీలోనో పనిచేసి రిటైరైన మనిషి, సెక్షను వాళ్లందరితో మూడు వరుసల్లో కూర్చుని, నిలబడి దిగిన గ్రూపు ఫొటో. కింద పేర్లు సన్నటి అక్షరాల్లో ఉంటాయి. దాని పక్కనే పదవీ విరమణ నాటి సన్మాన పత్రం, అంచుల చుట్టూ లతలతో. ఆ కర్మాగారాల సందడి ఈనాటి పిల్లలకు తెలియదు. ఆ ఫొటో చూపిస్తే తప్ప తాతయ్య ఏం పనిచేశాడో చెప్పడం కష్టం.

పాత ఇంట్లో పటం గోడకు బల్లపరుపుగా ఆనదు. అడుగు అంచు రెండు మేకుల మీద కూర్చుంటుంది, పై అంచు తాడుతో ముందుకు వాలుతుంది. గుమ్మం మీద అంత ఎత్తున ఉన్నా, కింద చాప మీద కూర్చున్నవాళ్లకు బొమ్మ నిండుగా కనపడాలని ఆ వాలు. ఆ వాలు వెనక గోడకూ పటానికీ మధ్య మూరెడు చీకటి ఉండేది. పిచ్చుకలు అక్కడ గడ్డి తెచ్చి గూడు పెట్టేవి. ‘పటం కదిలించొద్దు, పిల్లలున్నాయి’ అనే హెచ్చరిక వినని ఇల్లు అప్పట్లో లేదు. పిచ్చుకలు తగ్గిపోవడానికి కారణాలు అనేకం చెబుతారు. వాటిలో ఈ వాలు పటాల లెక్క ఎవరూ వేసినట్టు లేదు, వేయాలి.

మరి ఎందుకు దించేశాం? భక్తి తగ్గి కాదు, ప్రేమ తగ్గీ కాదు. అద్దె ఇంట్లో మేకు కొట్టకూడదన్నది ఓనరు పెట్టే మొదటి షరతు. సొంత ఫ్లాటైనా కాంక్రీటు గోడకు సుత్తి దెబ్బ చాలదు, డ్రిల్లు కావాలి. గోడ మధ్యలో టీవీ, దాని చుట్టూ చెక్కపని. దేవుని అర్ర ఒక అల్మారా అయింది, అందులో రెండు చిన్న విగ్రహాలు పడతాయి. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఇత్తడి బిందెలకు వాటాలు వేసుకుంటారు గానీ తాతముత్తాతల పటం ఎవరి వాటాకు రావాలో ఏ పెద్దమనిషీ చెప్పడు. చివరికి పాత ఇల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చిన రోజున అవన్నీ ఒకేసారి కిందికి దిగుతాయి. కూల్చిన గోడల తునకలకు జీడిమెట్లలో ఒక చోటుంది. రోజుకు 500 టన్నుల భవన వ్యర్థాలను ఇసుకగా, కంకరగా మార్చే సామర్థ్యమున్న కేంద్రం 2020 నవంబరులో అక్కడ మొదలైంది. గోడకు పునర్జన్మ ఉంది. ఆ గోడ మోసిన పటానికి లేదు. అది చెట్టు కిందికో, మన జిల్లాలోనే ఉన్న జవహర్‌నగర్ చెత్తగుట్టకో పోతోంది.

పాత చట్రాలను ట్రేలుగా, అద్దాలుగా, తాళాలు తగిలించే బోర్డులుగా మార్చుకునే పని ఈమధ్య చాలామంది ఇళ్లలో మొదలుపెట్టారు. మంచి పని. వారిలో కొందరు సగంలో ఆగిపోవడం కూడా చూస్తున్నాం. చెక్కపని రాక కాదు. వెనక అట్ట విప్పి, లోపలి బొమ్మను చేతిలోకి తీసుకున్నాక ఏం చేయాలో తోచక ఆగిపోతారు. చట్రాన్ని నిలబెట్టుకోవాలంటే లోపల ఉన్నవారితో ముందు మన లెక్క తేల్చుకోవాలి. ఈ సంగతి తేలకుండా రంగుల డబ్బా తెరవకూడదన్నది మా అభిప్రాయం.

దేవుడి పటం సంగతి ముందు చూద్దాం. పాతబడినదాన్ని తీయడం పాపమని భయపడేవారికి మన ఆలయ సంప్రదాయమే ధైర్యం చెబుతుంది. గుడిని బాగుచేయాల్సి వస్తే బాలాలయం కడతారు. విగ్రహంలోని కళను కలశంలోకి ఆవాహన చేసి, పని పూర్తయ్యాక తిరిగి ప్రతిష్ఠిస్తారు. యాదగిరిగుట్టలో ఆలయ పునర్నిర్మాణం సాగినన్నాళ్లు, 2016 నుంచి, పూజలు బాలాలయంలోనే జరిగాయి. 2022 మార్చి 28న ప్రధానాలయంలో దర్శనాలు మొదలయ్యాయి. ప్రతిష్ఠ జరిగిన విగ్రహానికే పక్కకు జరిగే పద్ధతి ఉన్నప్పుడు, అచ్చు కాగితానికి ఉండదా? మనం కొట్లో కొని, బొట్టు పెట్టి, గోడకు తగిలించిన పటానికి ప్రాణప్రతిష్ఠ అంటూ జరగలేదు. ఒక పువ్వు పెట్టి, దీపం చూపి, ఇంతకాలం మా ఇంట్లో ఉన్నావని చెప్పి తీస్తే చాలు.

చేర్యాల నకాశీ పటాల్లో ఇంతకన్నా చక్కని ఉదాహరణ ఉంది. సిద్దిపేట జిల్లా చేర్యాల మన శామీర్‌పేటకు దూరమేమీ కాదు. చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పట్టించిన ఖద్దరు మీద ఎర్రటి నేపథ్యంలో కులపురాణాలు గీసే నకాశీ చిత్రకారులు అక్కడివారు. పద్మశాలీల ఇళ్ల ముందు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పేది ఈ చుట్టపటం విప్పుకుంటూనే. ఒక పటం చిరిగిపోతే దాన్ని ఎక్కడో పారేయరు. కొత్త పటం గీయించి, దానికి పూజ చేసి, పాతదాన్ని ఒక మనిషికి చేసినట్టే మర్యాదలు చేసి నీటిలో కలిపేవారు. బట్ట, సుద్ద, చింతగింజల జిగురు కాబట్టి నీరు దాన్ని తనలో కలుపుకునేది. గాజు, మేకులు, ప్లాస్టిక్ పూత ఉన్న మన పటాలకు ఆ అర్హత లేదు. చిరిగిన ఖురాన్ పుటలను నేలలో పూడ్చే మర్యాద ముస్లింలకు ఉంది. ఏ మతంలోనూ చెట్టు మొదట్లో ఆనించి వెళ్లిపొమ్మని చెప్పినట్టు లేదు.

గోదావరి మొదట్లో ఉన్న నాసిక్‌లో ఈ పని ఒక పద్ధతిగా సాగుతోంది. తృప్తి గైక్వాడ్ అనే న్యాయవాది అక్కడ ‘సంపూర్ణం’ అనే సంస్థ పెట్టి, జనం వదిలేసే దేవుడి పటాలను, విగ్రహాలను సేకరిస్తున్నారు. వాటికి ఉత్తరపూజ, అంటే సాగనంపే పూజ, చేయించి, ఆ తరవాత గాజు, చెక్క, కాగితం వేరుచేసి తిరిగి వాడుకలోకి తెస్తున్నారు. నదిలో పడాల్సిన పటం అలా ఆగుతోంది. అక్కడ ఆగినది బాసర దాకా రాదు, ధర్మపురి దాకా రాదు కదా. మన నగరంలోనూ అలాంటి ఆలోచన కొత్త కాదు. మాయా వివేక్, మీనల్ డాల్మియా అనే ఇద్దరు మహిళలు ‘హోలీవేస్ట్’ పేరుతో గుడుల్లో వాడిన పువ్వులను అగరుబత్తులుగా, సబ్బులుగా, ఎరువుగా మార్చే పనిని నగర ఉత్తర శివార్లలో ఏళ్లుగా చేస్తున్నారు. దేవుడి మెడలో వాడిన పువ్వుకు దొరికిన దారి దేవుడి బొమ్మకు దొరకకపోదు. సంస్థ వచ్చేదాకా ఆగాల్సిన పనీ లేదు. పూత లేని కాగితమైతే ఒక బక్కెట్‌లో నానబెట్టి గుజ్జు చేసి, పూలమొక్క పాదులో మట్టి కప్పవచ్చు. మెరుగు పూత ఉన్నది నానదు. దాన్ని ఒక ఫైల్లో పెట్టి ఉంచుకోండి, చోటేమీ పట్టదు.

ఇక చనిపోయినవారి ఫొటోలు. ఇక్కడ తొందర అస్సలు పనికిరాదు. పాత ఫొటో ముందువైపు జిలాటిన్ పొర ఉంటుంది. ఏళ్ల తరబడి చెమ్మ తగిలితే అది అద్దానికి అతుక్కుపోతుంది. లాగితే ముఖమే ఊడి వస్తుంది. అతుక్కుందని తెలిస్తే ఆపేయండి. అద్దంతో పాటే, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి, ఫోనుతోనైనా సరే నాలుగైదు ఫొటోలు తీసుకోండి. ఆ జంటను, అంటే అద్దాన్నీ ఫొటోనూ, విడదీయకుండా కొత్త చట్రంలోకి మార్చండి. అతుక్కోకపోతే ఫొటోను తీసి, వెనకవైపు మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, వీలైతే సంవత్సరం రాయండి. పెన్ను వద్దు, సిరా ముందుకు దిగుతుంది. పేర్లు చెప్పగలిగే నాయనమ్మో పెద్దమేనత్తో ఉన్నప్పుడే ఈ పని కావాలి. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వెనక అట్ట విప్పడం మొదలుపెడితే ఒక పూట చాలదు. ఆ గ్రూపు ఫొటోలో మూడోవరసలో ఎడమ నుంచి రెండో ఆయన ఎవరో ఆమెకే తెలుసు, ఇంకెవరికీ తెలియదు.

అట్ట విప్పేటప్పుడు మధ్యలో పెట్టిన కాగితాలను కూడా చూడండి. పటాలు కట్టేవారు బొమ్మ కదలకుండా వెనక పాత పేపరు మడిచి పెట్టేవారు. ఒక్కోసారి అది ‘ఆంధ్రపత్రిక’ పేజీ కావచ్చు, పెళ్లిపత్రిక కావచ్చు, ఏదో కొట్టు పద్దుల పుస్తకంలోని కాగితం కావచ్చు. ఆ పేపరు తేదీ చూస్తే పటం ఎప్పుడు కట్టించారో తేలిపోతుంది. చాలా కుటుంబాల్లో ముత్తాత ఫొటో ఏ కాలం నాటిదో చెప్పగల సాక్ష్యం అదొక్కటే. బొమ్మకు మాత్రం ఆ కాగితం మంచిది కాదు, ఆమ్లం దిగి గోధుమరంగు మరకలు పడతాయి. కాబట్టి తీసి వేరే దాచుకోండి.

సన్మాన పత్రాల మీద మా మాట కొంచెం కటువుగా తోచవచ్చు. అన్నీ దాచాల్సిన అవసరం లేదు. ఆ మనిషి జీవితాన్ని నిజంగా చెప్పేది ఒకటుంటుంది, దాన్ని ఉంచండి. మిగతావి ఫొటోలు తీసుకుని కాగితాన్ని వదిలేయండి. సన్మానం పొందిన మనిషి ఇంకా ఉంటే ఏది ఉంచాలో ఆయన్నే అడగాలి. ఆయన ఎంచుకునేది మనం ఊహించినది కాకపోవచ్చు.

లోపల ఖాళీ అయ్యాక చేతిలో మిగిలేది నాలుగు చెక్కలు. ఇప్పుడు దాన్ని తేరిపార చూడండి. నలభై, యాభై ఏళ్ల కిందటి చట్రమైతే చాలాసార్లు టేకు, కొన్నిసార్లు జిట్రేగి, లేదంటే వేప, మద్ది. బరువు చూస్తేనే తెలిసిపోతుంది. ఈమధ్యవి తేలిగ్గా, బంగారు రంగు పూతతో ఉంటే అవి ఫైబరు అని పిలిచే ప్లాస్టిక్ పట్టీలు. వాటిని గీరి, తోమి పల్లెటూరి కళ తేవాలని చూడటం వృథా. అదే కొలతకు ఇంకో బొమ్మ పెట్టి వాడుకోవడమే వాటికి తగిన పని. చెక్కదైతే మూలలు చూడాలి. నాలుగు మూలల్లో 45 డిగ్రీల కోత వెంట్రుకవాసి సందు లేకుండా కలిసిందంటే, కట్టినవాడు పని తెలిసినవాడు. చేతిరంపంతో కోసి, చిత్రిక పట్టి, అవతలి అంచులోంచి సన్నచీల దిగ్గొట్టి ఆ మూలను కుదిర్చాడు. వేసవికి ఎండి, వానాకాలానికి ఉబ్బి ఇన్నేళ్లూ అది విడిపోలేదు. ఈ రోజున అంత నాణ్యమైన కర్ర, అంత నిదానమైన చేయి ఒక చిన్న చట్రానికి దొరకడం కష్టం. పాత చట్రం మీద మాకున్న అభిమానానికి అసలు కారణం ఇదే, అది పాతదవడం కాదు.

పని మొదలుపెట్టేముందు రెండు జాగ్రత్తలు. చిన్న బొక్కల్లోంచి పిండి రాలుతుంటే పుప్పి పట్టిందన్నమాట. దాన్ని మిగతా సామాను దగ్గర పెట్టకుండా ఎండలో ఉంచి, పురుగు మందు పట్టించి, రెండు వారాలు చూసి అప్పుడు వాడాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు రంగు వేసిన చట్రాన్ని పొడిగా గరుకు కాగితంతో తోమితే లేచే దుమ్ములో సీసం ఉండవచ్చు. పిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం. తడిపి తోమండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఆ దుమ్మును తడిబట్టతో తుడిచి బట్టతో సహా పారేయండి. రంగు వేయని, వార్నిషు మాత్రమే ఉన్న చెక్కకు ఈ భయం తక్కువే గానీ, పాత వార్నిషు విషయంలోనూ ఇదే జాగ్రత్త మంచిది.

టేకు చట్రానికి తెల్లరంగు పూసి, మళ్లీ అక్కడక్కడా గీరి, పాతదానిలా చేసే పద్ధతి ఒకటి బాగా వ్యాపించింది. అది మాకు నచ్చదు. ఆ చెక్క నిజంగానే పాతది, దానికి వేషం అక్కర్లేదు. సబ్బునీటి బట్టతో మురికి తుడిచి, ఆరాక అవిసె నూనెలో కాస్త తేనెమైనం కరిగించి పలుచగా రుద్దితే కర్రలోని గీతలు పైకి లేస్తాయి. దీపం పొగకు పై అంచు నల్లబడి ఉంటుంది, అద్దం పక్కన కుంకుమ ఇంకి ఎర్రమరక ఉంటుంది. వాటిని పూర్తిగా పోగొట్టాలని పట్టుబట్టకండి. ఆ ఇంట్లో రోజూ ఎవరో స్నానం చేసి వచ్చి అక్కడ వేలు పెట్టారు.

ఇక దానిలో ఏం పెట్టాలి? అమ్మమ్మ పట్టుచీర ఒంటి మీద కట్టుకోలేనంతగా చివికిపోయి ఉంటుంది గానీ, అంచు మాత్రం గట్టిగా ఉంటుంది. జానెడు అంచును, లేదా సిద్దిపేట గొల్లభామ చీరలోని ఒక్క బొమ్మను, పోచంపల్లి ఇక్కత్ ముక్కను ఖద్దరు గుడ్డ మీద చేతికుట్టుతో కుట్టి చట్రంలో అమర్చితే, దుకాణంలో కొన్న ఏ అలంకరణా దాని పక్కన నిలవదు. జిగురు మాత్రం వాడకండి, జరీ నల్లబడుతుంది. బట్ట అద్దానికి తగలకుండా మధ్యలో సన్నని పట్టీ ఉండాలి. ఈ ఒక్క పని ఓపికగా చేయగలిగితే మిగతావన్నీ తేలికే. మేడ్చల్, శామీర్‌పేట వైపు కోళ్లఫారాలకు వాడే జాలీ మూరెడు తెచ్చి చట్రానికి బిగిస్తే చెవిపోగులు, దండలు తగిలించుకోవచ్చు. నల్లబల్ల రంగు పూసిన ప్లైవుడ్డు పెడితే వంటింట్లో పాలలెక్క రాసుకోవచ్చు. పెద్ద చట్రమైతే అద్దం వేయించి గుమ్మం పక్కన పెట్టండి. ట్రే చేయాలనుకుంటే మూలలకు లోపలివైపు ఇనుప పట్టీ వేయించాలి. గోడ మీద బొమ్మ బరువు మోసిన మూల, నాలుగు గ్లాసుల టీ బరువును ఊగుతూ మోయలేదు.

ఇవన్నీ సొంతంగా చేయాలని లేదు. ఫొటోఫ్రేములు కట్టే చిన్న దుకాణం ప్రతి పేటలో ఇంకా ఒకటి మిగిలి ఉంది. ఫొటోలన్నీ ఫోనులో ఉండిపోయాక ఆ దుకాణంలో బేరం బాగా తగ్గింది. ఆయన దగ్గరికి కొత్త ఫొటో పట్టుకెళ్లకపోయినా పాత చట్రం పట్టుకెళ్లవచ్చు. గాజు కోసే వజ్రపు ములికి ఆయన దగ్గర ఉంది, మూల ఎలా విప్పాలో ఎలా కలపాలో ఆయన చేతికి తెలుసు. మనం ఇంట్లో రెండు ఆదివారాలు కుస్తీ పట్టేదాన్ని ఆయన పూటలో చేసి ఇస్తాడు. ‘కొత్తది తీసుకోండి, ఇంతకంటే తక్కువలో వస్తుంది’ అని ఆయనే అనవచ్చు. పాతదే బాగుచేయమని, దానికి తగిన కూలి ఇస్తామని చెప్పండి. అలా అడిగేవాళ్లు నెలకు పదిమంది ఉంటే ఆ దుకాణం మూతపడదు. సజ్జ మీద ఏమీ లేనివాళ్లు ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, పాతబస్తీ జుమ్మేరాత్ బజారులోనో పాత చట్రాలు వెదుక్కోవచ్చు. అక్కడ కొన్న చట్రంలో ఎవరివో ఫొటోలుంటే వాటినీ మన ఇంటివారివే అనుకుని మర్యాదగా తీయాలి.

పాత చెక్కసామానుకు మన క్యాలెండరులో ఒక రోజు ఉంది, భోగి. విరిగిన కుర్చీ, పాత తలుపు, చీపురుకట్టలతో పాటు పటాల చట్రాలూ ఆ మంటలో పడుతున్నాయి. పిడకలు, ఎండుకట్టెలు కాలిన మంట వేరు. వార్నిషు, ఎనామిల్ రంగు, ఫైబరు పట్టీ కాలిన పొగ వేరు, చంటిపిల్లలను ఎత్తుకుని చలి కాచుకునే మంట పక్కన అది ఉండకూడదు. సంక్రాంతి శుభ్రతల కోసం ఇల్లంతా దులిపే ఆ వారమే పటాలు కిందికి దిగే సమయం కూడా. సుచిత్ర చుట్టూ ఉన్న కాలనీ సంఘాలు, గుడి కమిటీలు భోగికి ముందు ఆదివారం ఒక షామియానా వేయవచ్చు. ఒక పూజారి, ఒక వడ్రంగి, పటాలు కట్టే మనిషి ఒకరు, పాత ఫొటోలను స్కాను చేయగల కాలేజీ కుర్రాడు ఒకడు, నాలుగు కుర్చీలు ఉంటే చాలు. దేవుడి పటాలకు పూజారి ఉత్తరపూజ చేస్తాడు, వడ్రంగి చెక్కను పరీక్షించి చెబుతాడు, గాజును విడిగా పెట్టెలో సర్దుతారు, పెద్దవాళ్లు పేర్లు చెబుతుంటే కుర్రాడు రాసుకుంటాడు. పనివాళ్ల కూలి సంఘం నిధి నుంచి ఇవ్వాలి. పుప్పి పట్టి, దేనికీ పనికిరాదని వడ్రంగి తేల్చిన, రంగు లేని చెక్క మాత్రమే భోగి తెల్లవారుజామున మంట దగ్గరికి చేరాలి.